పాఠానికి చిరునామా: అంతర్జాలంలో మన తెలుగు వ్రాతలు ఎక్కడ నిలిచాయి?



కొన్నాళ్ళుగా ఒకే ప్రశ్నను పలువురి నోట వింటున్నాను. "సార్, పిల్లల కోసం తయారు చేసుకొన్న పాఠాలు అంతర్జాలంలో పెట్టాలని ఉన్నది. సులువుగా వెబ్‌సైటు కట్టుకొనే సాధనం ఏదైనా చెప్పండి" అని ఒకరు అడుగుతారు. "వారం వారం ఒక కథ వ్రాస్తున్నాను, ఎక్కడ పెడితే బాగుంటుంది?" అని మరొకరు అడుగుతారు. నేను సాంకేతిక నిపుణుడిని కాను. ఉపాధ్యాయ శిక్షణ పొంది, బొమ్మనహళ్ళిలో ఇన్నేళ్ళుగా తెలుగు చెప్పుకొంటున్న బడిపంతులును. అయినా ఈ దారిలో ఒక దెబ్బ తిన్నవాడిని కనుక, నాకు తెలిసినంత మేరకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఒక సాధనం పేరు చెప్పి ఊరుకోవచ్చును. కాని పేర్లు మారిపోతుంటాయి. గత పాతికేళ్ళలో తెలుగు వ్రాతలు అంతర్జాలంలో ఎక్కడ పుట్టి, ఎక్కడ నిలిచి, ఎక్కడ చెరిగిపోయాయో ఒకసారి వెనుదిరిగి చూస్తే ప్రశ్నే మారిపోతుంది. "ఇల్లు కట్టుకోవడం ఎంత సులువు?" అని మనం అడుగుతున్నాము. "సామాను తీసుకొని ఖాళీ చేయడం ఎంత సులువు?" అని ముందుగా అడగాలని చరిత్ర చెబుతున్నది.

రాయి, అచ్చు

మా బొమ్మనహళ్ళికి దగ్గరలోనే బేగూరు ఉన్నది. అక్కడి నాగనాథేశ్వరాలయంలో సుమారు క్రీ.శ. 890 నాటి కన్నడ వీరగల్లు శాసనం ఒకటి ఉన్నది. "బెంగళూరు" అన్న పేరు కనిపించే అతి పాత ఆధారం అదే. పదకొండు వందల ఏళ్ళు దాటినా అక్షరం నిలిచినది. రాతిపై చెక్కినవానికి ఆ తరువాత ఎవరి దయా అవసరం లేకపోయినది.

అచ్చు వచ్చిన తరువాత వ్రాత త్వరగా నలుగురికీ చేరింది కాని, చోటు కోసం ఒకరిపై ఆధారపడవలసి వచ్చినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారిని తలుచుకోండి. ఆయన కూడా మనవలె బడిపంతులే. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించినప్పుడు అచ్చు కోసం చెన్నపట్నం మీద ఆధారపడవలసి వచ్చినది. ఆ ఇబ్బందులు చూచి, రాజమహేంద్రవరంలోనే సొంత ముద్రాక్షరశాల పెట్టుకొన్నారు. 1878 నుండి అదే పత్రికలో రాజశేఖర చరిత్రమును భాగాలుగా ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, అచ్చుయంత్రం ఎవరిదన్న దానిమీద వ్రాత భవిష్యత్తు ఆధారపడుతుంది. రెండవది, ధారావాహిక పుట్టిన చోటు వేరు, నిలిచిన చోటు వేరు. పత్రిక ఆగిపోయినది, పుస్తకం నిలిచినది. భాగాలను ఒకచోట చేర్చి వేరుగా భద్రపరచడం వలననే ఈనాడు మనం ఆ నవలను చదవగలుగుతున్నాము.

మనవంటి బయటి రాష్ట్రాల తెలుగువారికి మరొక ఉదాహరణ కూడా ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో ప్రారంభించినది బొంబాయిలో. 1914లో అది దినపత్రికగా చెన్నపట్నానికి మారినది. చిరునామా మారినా పత్రిక నిలిచినది. ఇల్లు మారడం తప్పు కాదు. మారేటప్పుడు సామాను మన చేతిలో ఉండాలి, అంతే.

ఉచిత స్థలాల ఊరు

ఇక అంతర్జాలానికి వద్దాము. సామాన్యులకు ఉచితంగా స్థలమిచ్చి "మీ పుట మీరే కట్టుకోండి" అన్న తొలి సేవలలో పేరెన్నికగన్నది జియోసిటీస్. 1994లో అమెరికాలో మొదలైనది. దానిని నిజంగా ఒక ఊరిలాగే పేటలుగా విభజించారు. చదువు, సాహిత్యం, తత్త్వం వంటి విషయాల పుటలకు కేటాయించిన పేట పేరు ఏథెన్స్. 1999లో యాహూ సంస్థ ఈ ఊరిని కొన్నది. 2009 అక్టోబరు 26న మూసివేసినది. మూసేముందు కొందరు స్వచ్ఛంద సేవకులు, ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ కలిసి చేతనైనంత మేర నకలు తీసి దాచారు. మిగిలినవి పోయాయి.

ఆ తొలినాళ్ళలో తెలుగువారికి మరొక కష్టం కూడా ఉండేది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ఆర్.టి.ఎస్. అని పిలిచే పద్ధతి వాటిలో ప్రసిద్ధమైనది. తెలుగు లిపిలోనే చూపాలంటే ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క సొంత ఖతిని వాడేది. ఆ ఖతి లేని కంప్యూటరులో తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు బారులు తీరేవి. ఒకచోటి వ్రాతను మరొక చోటికి తీసుకుపోవడం సాధ్యమయ్యేది కాదు. ఈ చిక్కు విప్పడానికి నాగార్జున వెన్న గారు తయారు చేసిన "పద్మ" అనే ఉపకరణం ఎందరికో తోడ్పడినది. అది పాత ఖతులలోని పుటలను యూనికోడులోకి మార్చి చూపేది.

యూనికోడు ప్రమాణంలో 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినది. అయితే అది మన బల్లల మీదికి రావడానికి పదేళ్ళు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను అందించారు. 2006లో వీవెన్ గారి "లేఖిని" వచ్చిన తరువాత, కీబోర్డు నేర్చుకొనే ఓపిక లేని నావంటివారు కూడా తెలుగులో వ్రాయగలిగారు.

దీని ఫలితం ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. 1998లో మొదలైన "ఈమాట" జాలపత్రిక తొలి సంచికలను ఈనాడు యూనికోడు తెలుగులో, మామూలు ఫోనులో చదువుకోవచ్చును. ఎవరో శ్రద్ధగా పాత వ్రాతలను కొత్త లిపి సంకేతాలలోకి మార్చి పెట్టారు కాబట్టే అది సాధ్యమైనది.

బ్లాగుల కాలం నేర్పినది

బ్లాగరు 1999లో పుట్టినది. 2003లో గూగుల్ దానిని కొన్నది. వర్డ్‌ప్రెస్ అదే 2003లో మొదలైనది. వారి వద్దనే స్థలం ఇచ్చే వర్డ్‌ప్రెస్.కామ్ 2005లో వచ్చినది. మన భాషలో వ్రాతలు విరివిగా వెలువడినది వీటి పుణ్యమే. పాఠాలకు, ధారావాహికలకు సంబంధించి ఆ కాలం మూడు సంగతులు నేర్పినది.

మొదటిది వరుస. ఈ సాధనాలు దినచర్య పుస్తకం నమూనాలో కట్టినవి. కొత్తది పైన, పాతది క్రింద ఉంటుంది. పాఠానికి ఇది తలక్రిందుల వ్యవహారం. అక్షరమాల నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవానికి ముందుగా సంధులు కనిపిస్తాయి. ధారావాహిక చదవవచ్చినవారికి ముందే ముగింపు తెలిసిపోతుంది. కనుక ఒక విషయసూచిక పుట తప్పనిసరి. ప్రతి భాగం చివర "ముందు భాగం", "తరువాతి భాగం" అన్న లంకెలు ఉండాలి.

రెండవది చిరునామా. పాత బ్లాగరులో తెలుగు శీర్షిక పెడితే, ఆ పుట చిరునామాలో తెలుగు అక్షరాలు రాలిపోయి "బ్లాగ్‌పోస్ట్" అన్న మాట, ఒక అంకె మిగిలేవి. అందుకని మనవారు ముందు ఇంగ్లీషు అక్షరాలలో శీర్షిక పెట్టి ప్రచురించి, ఆ వెంటనే తెలుగులోకి మార్చేవారు. ఆ చిట్కా చాలామందికి గుర్తుండే ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు నిలుస్తుంది కాని, ఆ లంకెను మరొక చోట అతికిస్తే శాతం గుర్తులతో మూరెడు పొడవున సాగుతుంది. పాఠం పుటకు ఇంగ్లీషు అక్షరాలలో చిన్న చిరునామా పెట్టుకోవడమే నేటికీ మేలు. నల్లబల్ల మీద వ్రాసి పిల్లల చేత ఎక్కించుకోమనడానికి అదే వీలు.

మూడవది ఇరుగుపొరుగు. 2006 జులైలో ముంబయి రైళ్ళలో బాంబు పేలుళ్ళు జరిగిన తరువాత, కొన్ని పుటలను అడ్డగించమని ప్రభుత్వ ఆదేశం వెలువడినది. అంతర్జాల సేవలందించే సంస్థలు ఆ కొద్ది పుటలతో ఆగక బ్లాగ్‌స్పాట్, జియోసిటీస్ వంటి చోట్లను మొత్తంగా కొన్నాళ్ళు అడ్డగించాయి. ఎవరి పుటలో ఏమున్నదో చూడకుండా అన్ని తలుపులూ ఒకేసారి మూసుకొన్నాయి. పలువురు పంచుకొనే ఉమ్మడి చిరునామాలో ఉన్న ప్రమాదం అది.

మా పిల్లల నోటు పుస్తకం

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మా బొమ్మనహళ్ళి హోసూరు రోడ్డు మీద ఉన్నది. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుండి వచ్చి గార్మెంట్స్‌లో, కట్టడం పనులలో బ్రతికే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. కన్నడం చక్కగా రావాలి, అది ఈ నేల భాష. దానితోపాటు అవ్వ మాట్లాడే భాష చదవడం కూడా వస్తే బాగుండునని కొందరు తల్లిదండ్రుల కోరిక. ఆ కోరికే నాకు ఉద్యోగం.

2008లో ఒక ఉచిత సేవలో పుట ఒకటి కట్టాను. నిజంగానే చాలా సులువు. రంగులు ఎంచుకోవడం, బొమ్మను లాగి పెట్టడం, అరగంటలో ఇల్లు సిద్ధం. అందులో అక్షరమాల పాఠాలు పెట్టాను. ప్రతి శనివారం ఒక కథాభాగం కూడా పెట్టేవాడిని. కరువులో ఊరు విడిచి బెంగళూరు వచ్చిన ఒక కుటుంబం కథ అది. ముప్పది భాగాలు నడిచినది. తరగతిలో తెలుగు పుస్తకం తెరవని పిల్లలు కూడా సోమవారం నాడు ఆ కథ గురించి అడిగేవారు.

2011లో ఒకనాడు ఆ పుట తెరుచుకోలేదు. ఆ సేవ మూతబడినదని తరువాత తెలిసినది. ముందుగా హెచ్చరిక పంపారట. నేను వాడడం మానేసిన పాత ఈమెయిలుకు అది వచ్చి పడి ఉన్నది. తప్పు నాది కూడా. నకలు తీసుకోలేదు. నేరుగా ఆ సేవలోని పెట్టెలోనే వ్రాసేవాడిని. సాధనం అంత సులువుగా ఉండడం వలన వేరే కాగితం మీద వ్రాసుకోవాలన్న ఆలోచనే కలుగలేదు.

ఈ మాట తరగతిలో అనుకోకుండా అన్నాను. మరునాడు ఏడవ తరగతి అమ్మాయి ఒకతె ఒక నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టినది. వాళ్ళమ్మ గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. ఇంటిలో కంప్యూటరు లేదు. ఇంటర్నెట్ కేంద్రంలో అరగంట కూర్చొని, ఆ వారం భాగాన్ని చేతితో ఎక్కించుకొని, ఇంటికి వెళ్ళి అమ్మకు చదివి వినిపించేదట. ముప్పదిలో ఇరువదియొక్క భాగాలు ఆ పుస్తకంలో ఉన్నాయి. మిగిలిన తొమ్మిది వారాలు ఆమెకు జ్వరమో, డబ్బులు లేకనో వెళ్ళలేదు.

ఆ తొమ్మిది భాగాలను జ్ఞాపకం మీద మళ్ళీ వ్రాశాను. చదివిన పిల్లలు "ఇది ఆ కథ కాదు సార్" అన్నారు. వాళ్ళు చెప్పినది నిజమే.

మూతబడిన తలుపులు

నా అనుభవం ఒంటరిది కాదు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ లైవ్ స్పేసెస్ 2011లో మూతబడినది. అయితే వారు మూసేముందు వ్రాతలన్నిటినీ వర్డ్‌ప్రెస్.కామ్‌కు మార్చుకొనే దారి చూపారు. గౌరవంగా ఇల్లు ఖాళీ చేయించడం అంటే అది. పోస్టెరస్ అనే సేవను 2012లో ట్విట్టర్ కొన్నది, 2013 ఏప్రిల్‌లో మూసివేసినది. ప్రపంచమంతటా ఉపాధ్యాయులు పాఠాల కోసం ఇష్టపడి వాడిన వికీస్పేసెస్ 2005లో మొదలై 2018లో ఆగిపోయినది. గూగుల్ వారి పేజ్ క్రియేటర్ 2006లో వచ్చి, 2008లో వచ్చిన గూగుల్ సైట్స్‌కు చోటిచ్చి తప్పుకొన్నది. 2016లో కొత్త గూగుల్ సైట్స్ వచ్చిన తరువాత పాతవారు మళ్ళీ ఇల్లు మారవలసి వచ్చినది.

ఇవి దుర్మార్గపు సంస్థలని నేను అనడం లేదు. ఉచితంగా ఇచ్చారు, కొంతకాలం నడిపారు, గిట్టుబాటు కాక మూశారు. అంగడి నడిపేవారు అంగడి మూయడం సహజం. మన పిల్లల పాఠాలకు ఉన్న ఒకే ఒక ప్రతిని ఆ అంగడిలో వదిలిపెట్టడమే మనం చేసే పొరపాటు.

ఇప్పుడు ఏది ఎంచుకోవాలి?

ఇక నేటి సాధనాలను ఈ వెలుగులో చూడండి.

వారం వారం వ్రాసే ధారావాహికకు బ్లాగరు గాని, వర్డ్‌ప్రెస్.కామ్ గాని సరిపోతాయి. రెండింటిలోనూ మొత్తం వ్రాతలను ఒకే దస్త్రంగా దింపుకొనే సౌకర్యం ఉన్నది. వర్డ్‌ప్రెస్ బహిరంగ మూలాలు గల సాధనం కనుక, రేపు సొంత చిరునామా కొనుక్కొన్నా ఆ దస్త్రంతో అక్కడ మళ్ళీ ఇల్లు నిలబెట్టవచ్చును.

పాఠాల వరుసకు కొత్త గూగుల్ సైట్స్ చాలా సులువు. పుటల జాబితా వరుసగా కనిపిస్తుంది. ఖర్చు లేదు. అయితే మూలప్రతిని వేరుగా దాచుకోవాలి.

విక్స్ వంటి లాగి పెట్టే సాధనాలు అందంగా ఉంటాయి. కాని అక్కడ కట్టిన సైటును మొత్తంగా ఎత్తి మరొక చోట నిలపడం కుదరదని ఆ సంస్థే చెబుతున్నది. పండుగ ఆహ్వానానికి, బడి వార్షికోత్సవానికి సరే. పదేళ్ళు నిలవాలనుకొనే పాఠానికి నేను వాడను.

కథలు వ్రాసేవారికి 2014లో మన బెంగళూరులోనే పుట్టిన ప్రతిలిపి ఉన్నది. పాఠకులు అక్కడ సిద్ధంగా ఉంటారు, భాగాలుగా ప్రకటించే ఏర్పాటూ ఉన్నది. దానిని పత్రికగా భావించండి. పత్రికకు పంపిన కథ మూలప్రతిని మనం ఇంటిలో ఉంచుకొంటాము కదా, అలాగే ఇక్కడా ఉంచుకోవాలి.

సొంత చిరునామా కొనుక్కోవడం అన్నిటికంటే మేలని కొందరంటారు. నిజమే, కాని దానికి ఏటా రుసుము కట్టాలి. కట్టవలసిన ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినా, మంచాన పడినా ఆ చిరునామా ఎవరి పాలో అవుతుంది. ఉచిత ఖాతాకు కూడా ఈ చిక్కు ఉన్నది. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునని 2023లో గూగుల్ ప్రకటించినది. కనుక ఏ ఇల్లయినా రెండవ తాళంచెవి మరొక ఉపాధ్యాయుని దగ్గర ఉండాలి.

ఏ సాధనమైనా చేరడానికి ముందు ఈ నాలుగు పరీక్షలు పెట్టండి.

ఒకటి: ఒక చిన్న పాఠం పెట్టి, వెంటనే దానిని తిరిగి దింపుకొని చూడండి. అక్షరాలు చెక్కుచెదరకుండా వస్తేనే మిగిలినవి పెట్టండి.

రెండు: "క్ష", "జ్ఞ", "స్త్రీ", "రాష్ట్రం" అన్న నాలుగింటినీ ఆ సాధనంలో వ్రాసి, తక్కువ ధర ఫోనులో తెరవండి. ఒత్తులు విడిపోతే ఖతి మార్చండి. మండలి, రామభద్ర, నోటో వంటి మంచి యూనికోడు ఖతులు ఉచితంగానే లభిస్తున్నాయి.

మూడు: పాఠాన్ని బొమ్మగా కాక అక్షరాలుగా పెట్టండి. బొమ్మలోని తెలుగు వెదికితే దొరకదు, కాపీ కాదు, చూపులేనివారికి వినిపించదు, పేదవాని ఫోనులో డేటా కూడా తింటుంది.

నాలుగు: నెలకొకసారి నకలు తీయండి. ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి కాగితం మీద. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ పుట చిరునామా ఇచ్చి భద్రపరచమని అడగవచ్చును. దానికి ఖర్చు లేదు.

ఈ నాలుగింటికీ కలిపి ఒక ఆదివారం పూట చాలు. నా మాట విని ఈ వారమే మీ పాఠాలలో ఒకదానిని దింపి చూడండి. దిగకపోతే, అది ఇంకా తెరుచుకొంటున్న ఈ రోజులలోనే కూర్చొని ఎక్కించుకోండి.

ఆ అమ్మాయి నోటు పుస్తకాన్ని జెరాక్సు తీయించి మూలప్రతిని ఆమెకే ఇచ్చివేశాను. ఆ జెరాక్సు ప్రతి మా బడి బీరువాలో ఉన్నది. లేని తొమ్మిది భాగాల చోట తొమ్మిది తెల్లకాగితాలు పెట్టి కుట్టించాను. కొత్తగా వ్రాసిన భాగాలను వాటి మీద ఎక్కించడానికి మనసు ఒప్పలేదు.

ఇట్లు,
ఒక తెలుగు పంతులు, బొమ్మనహళ్ళి